సుద్ద అంటని తలుపు

పోయినవారం మనం గంట టీచరుని ఆమె సొంత గదిలోనే, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు వదిలిపెట్టాం. మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం ఆ సంగతి ఒక్కసారి చెప్పుకుందాం.

బడిలో చివరి ఏడాది చదివే పిల్లలు కాలేజీకో, పని నేర్పే శిక్షణ కేంద్రానికో ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు, భయం పోవడానికి ఈవిడ ఎదుట ఒకసారి కూర్చుని మాట్లాడి వెళతారు. బల్ల మీద చిన్న ఇత్తడి గంట ఉంటుంది. అరచేత్తో నొక్కితే టింగుమంటుంది. ఎదుట కూర్చున్నవాళ్ళు తమది కాని మాట, ఎక్కడో విని అరువు తెచ్చుకున్న మాట చెప్పారంటే గంట మోగుతుంది. మోగాక ఆ మాట మింగేసి, సొంత నోటితో మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకే ఆవిడ అసలు పేరు బడిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ గంట టీచరే.

ఏ టీచరూ తన బిడ్డని తను ప్రశ్నించకూడదన్నది ఆ బడిలో పాత కట్టుబాటు. కాబట్టి గంట టీచరు కూతురి వంతు లెక్కల మాస్టారిది. తీరా సమయానికి, పరీక్షల ముందు అరిచి అరిచి మాస్టారి గొంతు కాస్తా మూగబోయింది. చూస్తే సోమవారమే అమ్మాయికి టీచర్ ట్రైనింగ్ కాలేజీలో అసలు ఇంటర్వ్యూ. ఇక చేసేది లేక, ప్రశ్నలు తల్లి అడగాలనీ, గంట మాత్రం మాస్టారి చేతిలో ఉండాలనీ హెడ్మాస్టరు తేల్చేశారు.

ఇదంతా ఒక ఎత్తు. అమ్మాయి గోళ్ళ కింద కొన్నాళ్ళుగా కనిపిస్తున్న నలుపు ఒక ఎత్తు. “సైకిల్ గొలుసు ఊడిందమ్మా” అంది అడిగితే. తల్లి నమ్మింది. ఆ గొలుసు శనివారాలే చూసుకుని ఎందుకు ఊడుతోందో ఆలోచించే తీరిక ఆవిడకి లేకపోయింది.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం. బడి వదిలేశారు. నడవాలో తడిగుడ్డతో తుడిచిన వాసన. కూతురి కంటే ముందు వంతు ఒక పొడుగాటి కుర్రాడిది. వాడి మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకి పెట్టుకుని కూర్చున్నాడు.

“సమాజసేవ చేయాలన్నది నా చిరకాల వాంఛ, టీచర్...”

టింగ్.

మాస్టారు కనుబొమలు ఎగరేశారు. గొంతు పోయిన దగ్గర్నుంచీ పాపం ఆ కనుబొమలకి చాకిరీ ఎక్కువైంది.

“చిరకాలమంటే ఎంత కాలంరా, పొడుగూ?” అంది టీచరు.

“ఏమో టీచర్. మా అన్నయ్య ఎప్పుడో రాసుకున్నాడు. బాగుందని...”

“అన్నయ్యది అన్నయ్యకిచ్చెయ్యి. నువ్వు నర్సింగులో ఎందుకు చేరదామనుకుంటున్నావో చెప్పు.”

కుర్రాడు చెవి గోక్కున్నాడు. కిటికీలోంచి చూశాడు. “మా తాతకి స్నానం నేనే చేయిస్తాను టీచర్. మంచంలోంచి లేవలేడు కదా. నాన్న చేయిస్తే అరుస్తాడు. అమ్మని అసలు రానివ్వడు. నేనైతే ఊరుకుంటాడు.”

“నువ్వైతే ఎందుకు ఊరుకుంటాడు?”

“నీళ్ళు ముందు పాదాల మీద పోస్తాను. పైన పోస్తే ఉలిక్కిపడతాడు. పాదాల మీద పోస్తే, ఓహో, స్నానం మొదలైందనుకుంటాడు.”

గంట మోగలేదు. మాస్టారు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు, జలుబు కూడా ఉందన్నట్టు.

“అదీ! వాళ్ళడిగితే ఇదే చెప్పు. దీనికి ఒక్క మాట కలిపావో, చెవి మెలేస్తాను.”

“సరే టీచర్” అంటూ వాడు లేచి, గుమ్మం తలకి తగలకుండా వంగి వెళ్ళిపోయాడు. వాడు తప్పుకోగానే గుమ్మంలో పిచ్చుక కనిపించింది.

పిచ్చుక అంటే టీచరు కూతురే. పుట్టినప్పుడు అంత ఉందని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు తల్లి భుజం దాటి ఎదిగినా పేరు మాత్రం ఎదగలేదు.

“లోపలికి రావచ్చా, టీచర్?”

పొద్దున తను వేసిన జడే. అయినా ఆ ‘టీచర్’ అన్న పిలుపుకి గంట టీచరు ‘రావే’ అనబోయి సర్దుకుంది. “రామ్మా... రా. కూర్చో. నీ గురించి చెప్పు.”

పిచ్చుక నిటారుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బాగా బట్టీ పట్టినట్టుంది, ఎక్కడా తొణకలేదు. “నాకు చిన్నప్పటి నుంచీ పాఠాలు చెప్పడమంటే ప్రాణం. ఇంట్లో తలుపు వెనక సుద్దముక్కతో రాసి, బొమ్మలకి పాఠాలు చెప్పేదాన్ని. మాట వినని బొమ్మని గోడవైపు తిప్పి నించోబెట్టేదాన్ని. అప్పుడే అనుకున్నాను...”

తల్లి మనసు వెన్నముద్దయింది. ఎంత బాగా చెబుతోంది! ఏ కాలేజీవాళ్ళు కాదంటారు? భేష్ అనడానికి నోరు తెరిచింది.

టింగ్.

“అదేమిటి మాస్టారూ! మంచి ఊపులో ఉంటేనూ!”

మాస్టారి చేయి గంట మీదే ఉంది. ఆయన పిచ్చుక వైపు వేలు చూపించి, కాదన్నట్టు తలూపారు. తర్వాత ఆ వేలే టీచరు వైపు తిప్పి, అవునన్నట్టు తలూపారు.

“నేనా? నేనేం చేశాను?”

ఆయన గొంతు సవరించుకున్నారు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. “మీదే... ఆ కథ. ప్రతి ఏడూ... స్టాఫ్ రూములో...” అని, ఇక లేదన్నట్టు చేతులెత్తేశారు.

టీచరు నవ్వేసింది. “అంతేనా! తల్లి పోలిక బిడ్డకి రాదా ఏమిటి? నేనూ చేశాను, అదీ చేసింది. కదే పిచ్చుకా?”

పిచ్చుక ఒళ్ళో ఉన్న తన చేతుల వంకే చూస్తోంది. “అమ్మా, మన ఇంటి తలుపులు ఎప్పుడైనా చూశావా?”

“తలుపులకేం వచ్చింది?”

“నున్నటి తలుపులు. పైన రేకులాంటిది అంటించినవి. వాటికి సుద్ద అంటదు.”

టీచరు తనకి తెలియకుండానే ఆ గది తలుపు వంక చూసింది.

“నేను ఒకసారి రాసి చూశాను. నువ్వు చెప్పేదానివి కదా, సరదాగా ఉంటుందేమోనని. జారిపోయింది. ఎన్నిసార్లు రాసినా జారిపోయింది.”

“మరి బొమ్మలు...”

“ఒక్కటే ఉండేది. దాని చెయ్యి లోపల ఎలా తిరుగుతుందో చూద్దామని ఊడదీశాను. నువ్వే తిట్టావు. మర్చిపోయావా?”

మర్చిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది. దానితోబాటు ఇంకోటీ గుర్తొచ్చింది. గరుకు చెక్క తలుపు, మధ్యలో ఇనుపగడియ. తను పుట్టి పెరిగిన అద్దె ఇంటిది అది. ఆ తలుపు వెనక రాసింది తను. గోడవైపు తిప్పిన బొమ్మ తనది. పిల్లని నిద్రపుచ్చుతూ ఆ ముచ్చట చెప్పేది. భర్త అది విని, ఇంటికి వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. చెప్పగా చెప్పగా, ఎక్కడో ఒక మలుపులో కథలోంచి తల్లి దిగిపోయి బిడ్డ ఎక్కింది. ఎవరూ గమనించలేదు. ఊళ్ళో పిల్లలందరి అరువు మాటలూ ఇట్టే పట్టేసే తను, తన కూతురు తననే అరువు తెచ్చుకుంటే పట్టుకోలేకపోయింది. పట్టుకోకపోగా మురిసిపోయింది.

“మరి నాతో ఎందుకు చెప్పలేదే?” ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

“నువ్వు అడగలేదమ్మా.”

“నేను అడగలేదా!”

“అందరినీ అడుగుతావు. ఇప్పుడు పొడుగుని అడిగావు. వాడు తాత కాళ్ళ మీద నీళ్ళు పోస్తాడని కూడా అడిగి తెలుసుకున్నావు. నన్ను ఎప్పుడూ అడగలేదు. నీకు తెలుసనుకున్నావు.” అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదేమో, బదులు నాలుగు కేకలు వేసి తేలికపడేది తల్లి.

రోజూ తెల్లవారగానే దేవుడి ముందు కూర్చుని తన దగ్గరికి వచ్చే పిల్లల్ని పేరుపేరునా తలుచుకోవడం టీచరుకి అలవాటు. ‘స్వామీ, ఈ బిడ్డకి ఏది మంచిదో అది నీకు తెలుసు, ఆ దారి చూపించు’ అని ఒక్కొక్కరి కోసం అడిగేది. చివర్న తన కూతురి వంతు వచ్చేది. అక్కడ మాత్రం ‘దీన్ని మంచి టీచరుని చెయ్యి’ అనేది. పరాయి పిల్లల విషయంలో దేవుణ్ణి అడిగింది. తన పిల్ల విషయంలో దేవుడికి పని చెప్పింది. ఇన్నేళ్ళూ దాన్ని ప్రార్థన అనే అనుకుంది. అది ప్రార్థనేనా? ఆయన ఏమనుకుని ఉంటాడో! అనుకోవడానికి ఆయనేమీ మన పక్కింటాయన కాదు గానీ, పక్కింటాయనకున్నంత ఓపికైనా ఆయనకుండాలని ఆ క్షణంలో గట్టిగా కోరుకుంది.

కొంగుతో మొహం తుడుచుకుంది. కుర్చీ సర్దుకుంది. గొంతు సవరించుకుని, గుమ్మంలోంచి ఇప్పుడే అడుగుపెట్టిన మనిషిని చూసినట్టు కూతురి వంక చూసింది.

“నమస్కారమండీ. మిమ్మల్ని ఇదే మొదటిసారి చూడటం. ఏం నేర్చుకుందామనుకుంటున్నారమ్మా?”

పిచ్చుక పెదవులు వణికాయి. నవ్వుకో, ఏడుపుకో దానికే తెలియాలి. “లిఫ్టులండీ.”

“లిఫ్టులంటే?”

“బిగించడం, బాగుచేయడం. బస్సు డిపో పక్కన శిక్షణ కేంద్రం ఉంది కదండీ, అక్కడ నేర్పుతారు. శనివారాలు ఆసక్తి ఉన్నవాళ్ళని లోపలికి రానిచ్చి చూపిస్తారు. నేను వెళుతున్నాను.” చేతులు బల్ల మీద పెట్టి, గోళ్ళు కనిపించేలా వేళ్ళు చాపింది. “సైకిల్ గొలుసు ఊడలేదండీ.”

మాస్టారి కనుబొమలు నెత్తికెక్కాయి. టీచరు మాత్రం పరాయి మనిషిలాగే కూర్చుంది. కూర్చోవడానికి ఎంత కష్టపడిందో బల్ల అంచు పట్టుకున్న వేళ్ళకి తెలుసు. ఎందుకంటే ఆవిడకి లిఫ్టు అంటే చచ్చేంత భయం. తాముండే అపార్టుమెంటులో మోకాళ్ళు పట్టేసినా మెట్లే ఎక్కుతుంది.

“ఈ ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు?”

“చిన్నప్పుడు నేనూ నాయనమ్మా లిఫ్టులో ఇరుక్కుపోయాం.”

ఆ కథ ఇంట్లో లెక్కలేనన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నదే. ‘తెలుసులే’ అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. తను ఎరగని మనిషి కదా. మింగేసి, “అయ్యో! అప్పుడేమైంది?” అంది.

“కరెంటు పోయింది. రెండంతస్తుల మధ్యలో ఆగిపోయింది. నాయనమ్మ దేవుణ్ణి పిలవడం మొదలుపెట్టింది. ‘స్వామీ, నేనెలాగూ పండుటాకుని, నన్ను తీసుకుపో, పిల్లని మాత్రం కిందికి దించు’ అని ఒకటే కేకలు. అంతలో పైనుంచి గొంతు వినిపించింది. ‘భయపడకండి పెద్దమ్మా, నేనున్నాను’ అని. ఆడగొంతు. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ‘ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఇన్నాళ్ళూ ఆయన మగాడనుకున్నానే!’ అంది.”

మాస్టారు శబ్దం లేకుండా నవ్వారు. ఆయన భుజాలు మాత్రం ఎగిరెగిరిపడ్డాయి.

“ఇక్కడిదాకా వచ్చేసరికి ఇంట్లో అందరూ నవ్వుతారండీ. తర్వాత ఏమైందో ఎవరూ అడగరు.”

టీచరు నవ్వలేదు. “తర్వాత ఏమైంది?”

“ఆవిడ లిఫ్టు బాగుచేసే ఆవిడ. పైనుంచే నాతో మాట్లాడుతూ ఉంది. ఏ పని చేసినా ముందు చెప్పి చేసింది. ‘ఇప్పుడు టక్కుమంటుంది పాపా, అది నేనే’ అంది. టక్కుమంది. ‘ఇప్పుడు కొంచెం ఊగుతుంది, అదీ నేనే’ అంది. ఊగింది. చప్పుడు రాబోతోందని ముందే తెలిస్తే భయం వెయ్యదండీ. నాయనమ్మ కూడా కేకలు మానేసి, ‘ఇప్పుడేమొస్తుందమ్మా?’ అని అడగడం మొదలుపెట్టింది. తలుపు తెరిచాక చూస్తే ఆవిడ చేతులనిండా నలుపు. నాయనమ్మ ఆ చేతులే పట్టుకుని ఏడ్చింది.” పిచ్చుక ఆగింది. “నాకు ఆ పని కావాలండీ. పైన ఉండి కిందివాళ్ళకి చెప్పే పని.”

టీచరు గంట వంక చూసింది. మాస్టారు ఎప్పుడు తీశారో, ఆయన చేయి దాని మీద లేదు.

తన అత్తగారు ఆ రోజు తర్వాత కూడా అదే లిఫ్టులో ధీమాగా తిరగడం చూసి, ‘పెద్దావిడకి మొండిధైర్యం’ అనుకునేది టీచరు. దేవుడు పలికాడని ఆవిడ నమ్మిందనీ, అది అమాయకత్వమనీ నవ్వుకునేవాళ్ళు. ఏమో. పలికే పని ఆయన ఎవరికి అప్పగిస్తాడో, చేతులకి నలుపు అంటిందా లేదా అని చూసి అప్పగిస్తాడా?

“ఇంట్లో ఎవరికైనా చెప్పారా?”

“నాయనమ్మకి చెప్పాను. ‘మీ అమ్మ అడిగేదాకా ఆగు. అడక్కముందు చెబితే పోట్లాట అవుతుంది’ అంది. అందుకే ఆగాను. కానీ ఇక ఆగడానికి లేదండీ. అక్కడ ఎంపిక కూడా సోమవారం పొద్దున్నే. అమ్మో నాన్నో ఎవరో ఒకరు పక్కన ఉండాలట. నాయనమ్మ చాలదట.”

కాలేజీకీ అదే పొద్దు, దీనికీ అదే పొద్దు. ఇక పరాయి మనిషి వేషం నిలవలేదు. టీచరు చేయి చాపి కూతురి చెంప నిమిరింది. మంచి తల్లి ఇలాంటప్పుడు ఏమంటుందో అదే అంది. “నీ ఇష్టమే మా ఇష్టం తల్లీ.”

టింగ్.

“మాస్టారూ!”

మాస్టారు పైకప్పు వంక చూస్తున్నారు, ఆ గంట కొట్టిందెవరో తనకి తెలియనట్టు.

పిచ్చుక ఫక్కున నవ్వింది. తల్లికి మాత్రం మొహం వేడెక్కింది. అవును, అరువు మాటే. ఎంతమంది తల్లిదండ్రులు ఇదే కుర్చీ పక్కన నిలబడి, పళ్ళు బిగబట్టి ఇదే మాట అనలేదు! మింగేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

“నాకు భయం” అంది. “నేను ఎక్కడానికే భయపడేదాని మీద నువ్వు ఎక్కి కూర్చుంటానంటున్నావు. ఆ చీకటిగొయ్యిలో...”

“చీకటేం ఉండదమ్మా. లోపల బల్బులుంటాయి.”

“బల్బు పోతే?”

“టార్చి ఉంటుంది.”

“టార్చి పోతే?”

“నువ్వుంటావుగా, కింద నిలబడి అరుస్తూ. ఆ గొంతు పట్టుకుని దిగొచ్చేస్తాను.”

“వెధవ్వేషాలు!” అంది తల్లి, కళ్ళు తుడుచుకుంటూ. “ఇంకోటి కూడా ఉంది. ఈ కుర్చీ చూడు. మెత్త చిరిగి దూది బయటికి వస్తోంది. కొత్తది వేయిస్తామని ఆఫీసువాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. నేనే వద్దన్నాను. నా తర్వాత దీంట్లో నువ్వు కూర్చుంటావు, నీకు నచ్చిన రంగు వేయించుకుంటావని. ఇది నీకోసమే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నాకోసమేమో. నేను లేచి వెళ్ళినా ఇక్కడే ఉన్నట్టుంటుందని.”

గంట మోగలేదు. పిచ్చుక బల్ల మీదుగా చేయి చాపింది. నల్లటి గోళ్ళ చేతిని తల్లి రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నాన్నకి?” అంది పిచ్చుక, మెల్లగా.

అసలు ముడి అక్కడే ఉంది. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. కోపమన్నది ఎరగని మనిషి. కోప్పడేవాడైతే ఎదిరించవచ్చు. సంతోషపడేవాణ్ణి ఎలా ఎదిరించడం? దుకాణానికి వచ్చినవాళ్ళు ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదువుతుంటే, మధ్యలో ఆపి మరీ తన కూతురు టీచరు కాబోతోందని చెబుతాడు. ‘చివరి వరస కనిపించకపోయినా, మీ అమ్మాయి భవిష్యత్తు కనిపిస్తోందండీ’ అని ఒకాయన వేళాకోళమాడితే, అదీ వరంలాగే తీసుకున్నాడు.

“నేను చెబుతాలే. ఇంటికెళ్ళి, భోజనాలయ్యాక, నెమ్మదిగా...”

నడవాలో ఈల వినిపించింది. పిచ్చుక చేయి తల్లి చేతుల్లోంచి జారిపోయింది. ఆ ఈల వాళ్ళిద్దరికీ తెలుసు.

“ఏమోయ్, అయిందా తల్లీకూతుళ్ళ పరీక్ష?” అంటూ ఆయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నుదుటి మీదికి ఎగదోసిన కళ్ళజోడు, చేతిలో మిఠాయి పెట్టె. “మాస్టారూ, మీరు మాట్లాడకండి, నోరు తెరవండి చాలు” అని ఆయన నోట్లో ఒక మిఠాయి పెట్టేశాడు. “సోమవారం ఇంటర్వ్యూ లేదు! రద్దు!”

“రద్దేమిటండీ?” అంది టీచరు.

“కాలేజీ ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు మార్పించుకోవడానికి దుకాణానికొచ్చారు. మాటల్లో తెలిసింది మనమ్మాయని. ‘గంట టీచరు కూతురికి ఇంటర్వ్యూ ఏమిటండీ, రేపు పొద్దున్నే తీసుకొచ్చి చేర్చేయండి’ అన్నారు. నేను అక్కడికక్కడే మాటిచ్చేశాను.” ఆయన కూతురి నెత్తి మీద చేయి వేశాడు. “ఏమని చెప్పానో తెలుసా తల్లీ? ‘చిన్నప్పుడే తలుపు వెనక సుద్దముక్కతో రాసి, బొమ్మలకి పాఠాలు చెప్పిన పిల్లండీ మాది...’”

టింగ్.

ఆయన నవ్వుతూనే మాస్టారి వంక చూశాడు. మాస్టారి చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి, బుగ్గలో మిఠాయి నమలకుండా అలాగే ఉంది. కూతురి వంక చూశాడు. దాని చేతులు ఒళ్ళో ఉన్నాయి.

అప్పుడు బల్ల వంక చూశాడు. గంట మీద, ఇంకా తీయకుండా ఉన్న అరచేయి తన భార్యది.

“నువ్వెందుకు కొట్టావోయ్?” అన్నాడాయన. నవ్వు మొహం మీద నుంచి ఇంకా పోలేదు, ఎటు పోవాలో తెలియక నిలబడింది.

పిచ్చుక లేచి, తను కూర్చున్న కుర్చీని తండ్రి వైపు జరిపింది.

“కూర్చోండి” అంది గంట టీచరు. “మిమ్మల్ని కూడా నేను ఎప్పుడూ అడగలేదు.”